కూల్చడానికి ముందు సున్నం కొట్టిన గది

మా బడిలో ఒక పాత గది ఉండేది. ‘ఉండేది’ అని ఇప్పుడు తేలిగ్గా రాసేస్తున్నాను గానీ, ‘ఉంది’ దగ్గర్నుంచి ‘ఉండేది’ దాకా నడవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఆ నడకలో రెండు జతల చెప్పులు అరిగాయి. ఒక మోకాలు పూర్తిగా ప్రభుత్వపరం అయింది.

రాతి గోడలు, నిలువునా రాతి స్తంభాలు, పైన బండల కప్పు. కర్ణాటకలోని మా పావగడ తాలూకాలో వానకు కరువుంది, కట్టెకు కరువుంది, రాతికి మాత్రం ఎన్నడూ లేదు. అందుకే మా పాత కట్టడాల్లో దూలమూ రాయే, కప్పూ రాయే. నేను ఈ బడికి కొత్తగా వచ్చినప్పుడు ఒకటో తరగతికి కన్నడ అక్షరాలు నేర్పింది ఆ గదిలోనే. ఇళ్ళలో తెలుగు మాట్లాడుకునే పిల్లలకు తెలుగులో బతిమాలి కన్నడ నేర్పడం మా ఉద్యోగం. నేనూ అట్లా చదువుకున్నవాణ్ణే. తెలుగు నాకు బడిలో ఎవరూ నేర్పలేదు. శనక్కాయలు పొట్లం కట్టిన కాగితాల్లోంచి, బస్టాండు గోడల మీది సినిమా పోస్టర్లలోంచి నేర్చుకున్నాను. ఈ రాతలో తప్పులుంటే నేరం ఆ పొట్లాలదే.

తరవాత ముందువైపు రెండు కొత్త గదులు కట్టారు. పాత గది సామాన్ల కొట్టు అయింది. విరిగిన బెంచీలు, బొక్కపడిన గంగాళం, రాష్ట్రానికి పాత పేరున్న గోడపటం, అన్నీ అందులోకి చేరాయి. చివరి కొన్నేళ్ళు నేనే హెడ్‌మాస్టర్ని. అదేదో పెద్ద హోదా అనుకునేరు. ఇద్దరే టీచర్లున్న బడిలో హెడ్‌మాస్టరంటే గంట కొట్టేవాడు, తాళాలు మోసేవాడు, అర్జీలు రాసేవాడు. పేరులో హెడ్డు ఉంటుందిగానీ పనంతా కాళ్ళకే.

అప్పటికి మా ఊరి చుట్టూ సోలార్ పార్కు వచ్చేసింది. ఒకప్పుడు బడి గుమ్మంలో నిలబడితే శనక్కాయ చేలు కనిపించేవి. ఇప్పుడు రాయచెర్లు దిక్కు చూసినా బలసముద్రం దిక్కు చూసినా నీలం పలకలే. భూమి కౌలుకిచ్చామని మావాళ్ళంటారు. నాకైతే ఎండను కౌలుకిచ్చినట్టు అనిపిస్తుంది. ఇన్నేళ్ళూ మమ్మల్ని కాల్చిన ఎండకు ఉన్నట్టుండి గిరాకీ వచ్చింది. నీడ సంగతే ఎవరూ అడగలేదు. బడి ఆవరణలో ఉన్న ఒకే ఒక వేపచెట్టు ఒక గాలివానకు పడిపోయింది. అది పడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

చెట్టు పోయాక మధ్యాహ్నం పూట బడిలో మిగిలిన నీడ ఆ పాత గదిదే. పొద్దు నడినెత్తి దాటితే దాని తూర్పు గోడ పొడుగునా నీడ పడేది. పక్కనే వంటగది. బిసి ఊట, అంటే మధ్యాహ్న భోజనం, పళ్ళాల్లో పెట్టించుకున్న పిల్లలు సరాసరి ఆ గోడకు వీపులానించి వరసగా కూర్చునేవాళ్ళు. కొత్త గదుల వరండా సన్నం. అందరూ పట్టరు. గదుల లోపల బెంచీలు, పుస్తకాలు. కాబట్టి గోడ పక్కనే సుఖం.

ఒక రోజు ఆ సుఖంలో, ఒకటో తరగతి పిల్ల పళ్ళెంలో, టప్పుమని ఒక రాతి పెచ్చు పడింది. నిమ్మకాయంత ఉంటుంది. సాంబారు ఎగిరి పిల్ల మొహాన పడింది, అంతే. పిల్ల ఏడవలేదు. పళ్ళెంలోంచి రాయి తీసి పక్కన పెట్టి మళ్ళీ తినబోయింది. ఏడ్చినంత పని చేసింది వంట చేసే అక్క.

“సార్, ఈ పొద్దు పళ్ళెంలో పడినాది. రేపు తలకాయ మింద పడితే? పిల్లోళ్ళ అమ్మలకు నేనేం చెప్పల్ల? నా చేతన్నం తినేకొచ్చి సచ్చిపోయినారని చెప్పల్లనా?”

లోపలికెళ్ళి చూశాను. నడిమి బండ అడ్డంగా పగిలి ఉంది. ఆ పగులు గోడలోకి కూడా దిగింది; అందులో నా వేలు దూరింది. తూర్పు గోడ బొర్ర పోసుకుని బయటికి వంగుతోంది. ఆ సాయంత్రమే ఒక మొద్దు కట్టె తెప్పించి బండ కింద ఆనించాను. గదికి తాళం వేశాను. గోడకు పదడుగుల దూరంలో ముగ్గుపిండితో నేల మీద గీత గీశాను. గీత దాటకూడదని పిల్లలకు చెప్పాను. పిల్లలు బుద్ధిగా తలలూపారు. చిక్కేమిటంటే నీడంతా గీతకు అటువైపే ఉంది.

అప్పుడు మొదలైంది నా యాత్ర. ప్రభుత్వ కట్టడాన్ని మనిష్టమొచ్చినట్టు పడగొట్టకూడదు. బడి సమితి తీర్మానం చెయ్యాలి, విద్యాశాఖ ఆఫీసుకు అర్జీ పెట్టాలి, ఇంజినీరు వచ్చి చూసి ఇది శిథిలమైందని రాయాలి, పైవాళ్ళు అనుమతి ఇవ్వాలి. ఆఫీసులో ఫైళ్ళు చూసే గుమాస్తా మావైపు మనిషే. నా అర్జీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“కట్టేకి అర్జీ పెడితే నాకు దారి తెలుసు సార్. ఈ పడగొట్టేది ఎవురూ అడగరు. నేనీ కుర్చీలో కూచున్నప్పట్నించి మీరే ఫస్టు.”

“పైన పడతాదేమోనని భయం నాయనా.”

“భయం అనే కాలమ్ ఈ ఫారంలో లేదు సార్. కట్టిన సంవత్సరం రాయల్ల, పొడుగు ఎడల్పు రాయల్ల. అంతే.”

కట్టిన సంవత్సరం ఎవరికీ తెలియదు. బడి సమితి అధ్యక్షుణ్ణి అడిగాను. నాకంటే నాలుగేళ్ళు చిన్న, మంచి రైతు. పొలమంతా సోలార్‌కు కౌలుకిచ్చాక చేతులకు పని లేక, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరుగుతుండేవాడు.

“మా నాయన పెండ్లయిన మరుసటేడు మేష్ట్రే. ఆ యేడు శనక్కాయ బాగా పండినాది.”

“తేదీ కావాలప్పా. కాగితంలో శనక్కాయ రాస్తే ఒప్పుకోరు.”

“తేదీ యాడుంటాది? పంట పండిన యేడంటే మా ఊర్లో ఎవుర్నడిగినా చెప్తారు. అట్లాంటివి రెండు మూడే కదా.” గది కప్పు వైపు చెయ్యి చూపించాడు. “ఆ బండలు గుట్ట కాణ్ణుంచి మోసినోళ్ళలో మా నాయన ఒకడు. భుజం మింద కాయ కాసినాది. సచ్చిపోయేదాకా ఉండె.”

‘సుమారు’ అన్న మాట చేర్చి ఒక సంవత్సరం రాశాను. తీర్మానం మీద అతను సంతకం పెట్టాడు. పెట్టేముందు గది వైపు చూసి పెట్టాడు. ఆ చూపును నేను అప్పుడే చదివి ఉండాల్సింది. రెండు భాషలు చదవడం వచ్చుగానీ మొహాలు చదవడం నాకు ఆట్టే రాదు.

నేను ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. అనుమతి కోసం తిరిగి తిరిగి ఉన్న మతి కాస్తా పోయింది. నేను ఊళ్ళో ఉన్న రోజు పిల్లలు గీతకు ఇవతల ఎండలో కళ్ళు చికిలించుకుని తినేవాళ్ళు. నా బండి శబ్దం అటు పోగానే, వంట అక్క ఎంత అరిచినా వినకుండా, గోడ కిందికి చేరేవాళ్ళు. రెండో టీచరమ్మకు నెలలో సగం రోజులు ఏదో ఒక శిక్షణ, ఏదో ఒక సర్వే. అంటే, గోడ నుంచి పిల్లల్ని కాపాడడానికి నేను ఎన్నిసార్లు తాలూకా ఊరికి పోతే అన్నిసార్లు వాళ్ళు ఆ గోడ కిందే కూర్చున్నారన్నమాట. ఆఫీసు గడియారం ఒంటిగంటన్నర చూపించినప్పుడల్లా నేను బెంచీ మీంచి లేచి గుమ్మందాకా పోయి వచ్చేవాణ్ణి. గుమాస్తా అది ఆకలనుకుని “టిఫిను చేసి రాపోండి సార్” అనేవాడు.

ఐదో నెలలో ఒక సాయంత్రం ఫోనొచ్చింది. మర్నాడు ఇంజినీరు వస్తున్నాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు. వెంటనే అధ్యక్షుడికి ఫోన్ చేశాను. “రేపు ఇంజినీర్ సాహేబ్రు వస్తాడప్పా. నువ్వూ ఉండాల. బడి కొంచెం నీటుగా ఉండేట్లు చూడు.”

ఈ చివరి వాక్యం నాదే. ఎవరి మీదా తోసెయ్యడం లేదు.

మా వైపు ఆఫీసరు వస్తున్నాడంటే ఊరికి ఒకటే తెలుసు. పలకరించడానికి రానీ, సస్పెండ్ చెయ్యడానికి రానీ, ఆయన కంటికి ఇంపుగా ఉండాలి. వాకిట్లో కసువు ఊడ్చాలి, మామిడాకు కట్టాలి, సున్నం కొట్టాలి. మర్నాడు పొద్దున బండి మలుపు తిరిగేసరికి, నీలం పలకల మధ్య ఏదో తెల్లగా మెరిసింది. మా పాత గది. గోడలన్నిటికీ రెండు పూతల సున్నం. అడుగున జానెడు ఎత్తున ఎర్రమన్ను పట్టీ. గుమ్మానికి తోరణం. అధ్యక్షుడు మోచేతులదాకా సున్నంతో, కళ్ళు ఎర్రగా, నవ్వుతూ నిలబడ్డాడు. వెనక మరో ఐదారుగురు.

నిజం చెప్పాలి. ఒక్క క్షణం నాకూ ముచ్చటేసింది. ఎంత బాగుందీ అనుకున్నాను. ఆ తరవాత పగులు కోసం వెతికాను.

“పగులేదప్పా?”

“సిమెంటు పెట్టి పూడ్చినాం మేష్ట్రే. వెతికినా కనపడదు.”

“గోడ బొర్ర?”

“గార మెత్తి సమం చేసినాం.”

“బండ కింద కట్టె ఉండాల కదా, ఏమైంది?”

“తలుపు బందులు ఊడదీసి లోపలికి పోయినాం. కట్టె అసయ్యంగా ఉండాదని తీసేసినాం. ఆ మూలకు పెట్టినాం చూడండి.”

పరుగెత్తి ఆ కట్టె మోసుకొచ్చి మళ్ళీ ఆనించాను. ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన మనిషికి పౌడరు పూసి, తల దువ్వి, కుర్చీలో కూర్చోబెట్టినట్టుంది.

“ఎందుకప్పా ఇట్ల చేసినావు? పడిపోయేట్లుండాది అని చూపించేకి కదా పిలిపించింది!”

అతని నవ్వు వాడిపోయింది. “అది తెలుసు మేష్ట్రే. కానీ పరాయి ఊరి మనిషొచ్చి, మా నాయన మోసిన బండలు చూసి, ఈ ఊరోళ్ళు ఇంత గలీజుగా పెట్టుకుండారే అంటే? పోయే మనిషికి కూడా స్నానం చేపిస్తాం కదా.”

తోరణం ఊడదీయబోయినవాణ్ణి చెయ్యి దించేశాను.

ఇంజినీరు పదకొండింటికి వచ్చాడు. వేరే జిల్లా మనిషి, కన్నడ తప్ప రాదు, మర్యాదస్తుడు. గది చుట్టూ ఒకసారి తిరిగాడు. గుమ్మంలోంచి కట్టె చూపిస్తే, ముందుజాగ్రత్త మంచిదే అన్నాడు. పెన్ను వెనకవైపుతో గోడను తట్టాడు. “ఇలాంటి పాత కట్టడాల్ని ఎవరూ చూసుకోరు మేష్ట్రే. మీ ఊరివాళ్ళు చాలా బాగా పెట్టుకున్నారు” అన్నాడు.

“ఇక్కడ పెద్ద పగులుంది సర్.”

“ఎక్కడ?”

“ఇక్కడే. నిన్న సాయంత్రందాకా ఉండేది.”

ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. రిటైర్మెంటు దగ్గరపడిన మేష్టర్లను చూసే చూపు అది. కారా బూంది తిని, కొబ్బరిబోండాం ఎలనీరు తాగి, అధ్యక్షుడి చేతులు పట్టుకుని అభినందించి వెళ్ళిపోయాడు. ఇరవై రోజులకు నివేదిక వచ్చింది. కట్టడం మంచి స్థితిలో ఉంది, చిన్న మరమ్మతులు చాలు. దాని వెనకే ఆఫీసు నుంచి నాకొక తాఖీదు. మంచి స్థితిలో ఉన్న గదిని ఎందుకు వాడటం లేదు? వెంటనే అందులో తరగతి నడిపి తెలియజేయగలరు.

కూల్చడానికి అనుమతి అడిగితే కూర్చోబెట్టడానికి ఉత్తర్వు వచ్చింది.

అందులో పిల్లల్ని కూర్చోబెట్టడం నా వల్ల కాదు. తాళంచెవి పోయింది, వెతికిస్తున్నాను అని జవాబు రాశాను. నా సర్వీసులో అదే మొదటి అబద్ధమని చెప్పను. మూడోదో నాలుగోదో. తాళంచెవి మాత్రం ఆ జవాబు రాస్తున్నంతసేపూ నా చొక్కా జేబులోంచి నన్ను గుచ్చుతూనే ఉంది.

మళ్ళీ ఐదారు నెలలు ఆఫీసు బల్లల చుట్టూ తిరిగి, చివరికి గుమాస్తా దగ్గరికే పోయాను. అతను నివేదిక చదివి పెదవి విరిచాడు.

“బాగుండాదని రాసినదాన్ని బాగలేదని రాయల్లంటే ఆయప్పకు కష్టం కదా సార్. మధ్యలో ఏదో ఒకటి జరిగి ఉండాల. వాన పడినాదని రాయండి.”

“పడలేదు కదా.”

“అవును. ఈ తాలూకాలో వాన పడినాదని రాస్తే ఎవురూ నమ్మరు.” నెత్తి గోక్కున్నాడు. “భూకంపం?”

ఇంటికి వచ్చి కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. అబద్ధానికి అలవాటు పడిన చెయ్యి అయితే ఏదో ఒకటి అల్లేసేదే. నాది కొత్త చెయ్యి. చివరికి జరిగింది జరిగినట్టు రాశాను. తమరు వస్తున్నారన్న గౌరవంతో మా ఊరివాళ్ళు పగుళ్ళు పూడ్చి సున్నం కొట్టారు. బడి నీటుగా ఉంచమని వారికి చెప్పింది నేనే. తప్పు నాది. సున్నం లేనప్పుడు దయచేసి మరోసారి చూడవలెను.

గుమాస్తా దాన్ని చదివి నవ్వాడు. పక్క బల్లవాణ్ణి పిలిచి చదివించాడు. ఆ బల్లవాడు ఇంకొకణ్ణి పిలిచాడు. ఆ మధ్యాహ్నం ఆఫీసంతా నా తప్పును టీతోపాటు తాగింది. నవ్వినవాళ్ళెవరూ ఫైలును కింద పెట్టలేదు. చేతులు మారుతూ మారుతూ అది తనంతట తానే పై బల్లకు చేరింది. ఏడాదిగా కదలనిది నవ్వుకు కదిలింది.

ఇప్పుడు సున్నం తీయాలి. అధ్యక్షుడికి ఆ మాట ఎట్లా చెప్పాలో తెలియక రెండు రోజులు తప్పించుకు తిరిగాను. వంట అక్క చెప్పేసింది. ఆమె మాటకు ముందు వెనకలుండవు. “మీ నాయన పేరు నిలబడల్లని మా పిల్లోళ్ళను పండబెడ్తావా ఏందప్పా?” అన్నదట. ఆదివారం పొద్దున్నే అతనే వచ్చాడు. వెంట నలుగురు ఆడవాళ్ళు. సోలార్‌లో కూలికి పోయి పలకలు తుడిచేవాళ్ళు. పలకల పని ఆ రోజు లేదట. వాళ్ళ పొడుగు కర్రల బ్రష్షులు తెచ్చారు. ఎక్కడో ట్యాంకరు కూడా పట్టుకొచ్చారు.

“పలకల మింద దుమ్ము పోతాది గానీ సున్నం పోదే!” అంది ఒకామె, అరగంట రుద్దాక.

“మీరంతా కూలికి పోతారు, మా గది మాత్రం కూలేకి పోదంటాది” అన్నాను.

“సార్, మీరు జోకులేయద్దండి. బ్రష్షు పట్టుకోండి.”

పట్టుకున్నాను. ఇనుప బ్రష్షులతో, పారలతో గీకాం. సున్నం పొరలు పొరలుగా రాలింది. దాని వెనక గార రాలింది. గార వెనక పగులు బయటపడింది. నేను చూసినప్పటికంటే వెడల్పయింది. వేలు కాదు, నా అరచెయ్యి దూరింది. అందరం ఒక్కసారిగా చేతులాపేసి వెనక్కి జరిగాం. అధ్యక్షుడు ఆ పగులులో తనూ చెయ్యి పెట్టి చూశాడు. “ఇంత అయినాదా” అన్నాడు మెల్లిగా. ఆ తరవాత గీకుడు పని మొత్తం అతను ఒక్కడే చేశాడు. ఎవర్నీ గీత దాటనివ్వలేదు.

ఈసారి ఇంజినీరు చెప్పి రాలేదు. తెలివైనవాడు. నేను వంటగది వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గర ఉన్నాను. సరిగ్గా పిల్లలు తినే వేళకు ఆయన జీపు దిగి, ఎండకు తట్టుకోలేక, మనిషన్నవాడు ఎవడైనా చేసే పనే చేశాడు. తిన్నగా పోయి ఆ గోడ నీడలో నిలబడ్డాడు. వంట అక్క ఆయన్ను ఇంతకుముందు చూడలేదు. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె ఎలనీరు కోసం ఊళ్ళోకి పోయి ఉంది.

“ఓయప్పా! ఓయ్! ఆడ నిలబడద్దు!” గరిటె పట్టుకుని వంటగదిలోంచి దూసుకొచ్చింది. “బండ పడి సస్తావు! ఏ ఊరప్పా నీది? గీత కనపడల్యా? పిల్లోళ్ళకుండే బుద్ధి లేదే నీకు!”

ఆయనకు తెలుగు రాదు. గరిటె భాష మాత్రం అందరికీ అర్థమవుతుంది. ఒక్క గెంతులో గీత ఇవతలికి వచ్చాడు. రావడంలో ఆయన మోచెయ్యి గోడకు తగిలింది. పిడికెడు మన్ను, రెండు రాతి ముక్కలు జలజలా ఆయన నిలబడ్డ చోట రాలాయి.

నేను పరుగెత్తుకొచ్చేసరికి ఆయన ఆ రాళ్ళ వైపే చూస్తున్నాడు. “పిల్లలు ఎక్కడ కూర్చుని తింటారు?” అని అడిగాడు.

నేను చెప్పక్కర్లేకపోయింది. ఎండలో వరసగా కూర్చున్న పిల్లలు, పెద్దవాళ్ళందరూ గోడవైపు చూస్తున్నారు కదా అని, పళ్ళాలు పట్టుకుని ఒక్కొక్క జానెడు నీడ వైపు జరుగుతున్నారు. గీత మీదకు వచ్చేశారు.

ఆయన జీపు బానెట్ మీద కాగితం పెట్టి ఎండలోనే నిలబడి రాశాడు. తను తిట్టింది ఎవర్నో తెలిశాక వంట అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మరి కాసేపటికి పళ్ళెంనిండా అన్నం తెచ్చింది. ఆయన వరండాలో పిల్లల మధ్య కూర్చుని తిన్నాడు. పోతూ పోతూ కన్నడలో నాతో అన్నాడు. “మేష్ట్రే, పోయినసారి మీ ఊరివాళ్ళు నన్ను గౌరవించారు. ఈసారి ఆమె కాపాడింది.”

ఆ తరవాత కూడా అనుమతి కాగితం రావడానికి రెండు నెలలు పట్టింది. ఇంజినీరు రాసింది పైకి పోయి, సందేహమై కిందికి వచ్చి, నా జవాబుతో మళ్ళీ పైకి పోయింది. అది నా చేతికి వచ్చిన రోజు సంతోషం కోసం లోపల వెతుక్కున్నాను. దొరకలేదు. ఎక్కడైనా కాసేపు పడుకుంటే బాగుండునని మాత్రం అనిపించింది.

జేసీబీ ఒక శనివారం వచ్చింది. నేను ఆ పొద్దున పోయేసరికి వంట అక్క గది ముందు ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టి ఉంది. “ఈ పొద్దెందుకక్కా?” అంటే, “ఏమో సార్, చెయ్యి అలవాటు” అంది. అధ్యక్షుడు కొబ్బరికాయ కొట్టాడు. గదికో జేసీబీకో నేనడగలేదు. పిల్లల్ని ఊరివైపు పంపించేశాం. జేసీబీ ముక్కుతో ఇలా నెట్టింది. తూర్పు గోడ, నడిమి బండ, మిగతా బండలు, అన్నీ ఒక్క ఊపిరితో కిందికి వచ్చాయి. ఏడాదిన్నర పని, గ్లాసులో టీ చల్లారేలోపల అయిపోయింది. దుమ్ము లేచి పక్కనున్న నీలం పలకల మీద పడింది. పలకలు తుడిచే ఆమె ఒకామె, “మాకు పని పెట్టినారు సార్” అంది.

కాగితంలో ఉన్న షరతు ప్రకారం బండలన్నీ పక్కకు పేర్చి ఫొటోలు తీసి పట్టీ రాయాలి. ఒక బండను తిప్పితే, ఇన్నేళ్ళూ ఆకాశం వైపున్న దాని ముఖం మీద గీతలు కనిపించాయి. పులి మేక ఆట గళ్ళు. ఉలితో చెక్కినవి. ఈ గది కడుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం ఎవరో అన్నం తిని, పైకెక్కించబోయే బండ మీద ఆట గీసుకుని ఆడుకున్నారు.

అధ్యక్షుడు మోకాళ్ళ మీద కూర్చుని ఆ గీతల్లోని మన్ను గోటితో తీశాడు. “మా నాయన ఈ ఆటలో ఎవురికీ గెలుపు ఇచ్చేవాడు కాదు” అన్నాడు. “మేష్ట్రే, ఈ ఒక్కటి నేను తీసకపోనా?”

“ఇది కూడా వేలంలో పోవాలప్పా. సర్కారుది.”

“సరే. రాసుకోండి.”

రాశాను. బండలు పదకొండు. అందులో గీతలు గలది ఒకటి.

సోమవారం మధ్యాహ్నం గంట కొట్టాను. పిల్లలు పళ్ళాలు పట్టుకుని వంటగది దగ్గర్నుంచి వచ్చారు. వచ్చి, తూర్పు గోడ ఉన్నచోట, గోడ లేకపోయినా, వరసగా కూర్చున్నారు. ఆనుకోవడానికి వెనక్కి వాలి, ఒకరిద్దరు వెల్లకిలా పడబోయి నవ్వుకున్నారు. తరవాత నెత్తిన ఎండ తెలిసింది. కళ్ళు చికిలించుకుని, గోడ కోసం కాదు, నీడ కోసం నేలమీద అటూ ఇటూ చూశారు. అప్పుడు పళ్ళెంలో పెచ్చు పడిన పిల్ల ఇప్పుడు రెండో తరగతికి వచ్చింది. పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను అడిగింది. “సార్, ఇప్పుడు యాడ కూచోవల్ల?”

ఏడాదిన్నర అర్జీలు రాశాను. ఒక్క అర్జీలోనూ ఈ ప్రశ్న రాలేదు.

వంట అక్క అంది. “సగం మందిని ముందు వరండాలో కూచోబెట్టండి సార్. వాళ్ళు లేచినాక మిగతా సగం. నాకేం, రెండుసార్లు వడ్డిస్తా. అన్నం అదే కదా.”

ఇంత చిన్న ఉపాయం. మొదటి పెచ్చు పడిన రోజే ఈ పని చేసి ఉంటే, నేను ఆఫీసు బెంచీ మీద కూర్చున్న అన్ని ఒంటిగంటన్నరలూ పిల్లలు ఆ గోడ కింద ఉండేవాళ్ళు కారు. ముందే తోచలేదా అని మా ఇంట్లోనూ అడిగారు. అర్జీలు రాసే బుర్రకు అన్నం వడ్డించే ఆలోచన ఎక్కడ వస్తుంది? హెడ్డు సంగతి మొదట్లోనే చెప్పాను కదా.

నీడకు ఒక షెడ్డు కావాలని ఇంకో అర్జీ పెట్టాను. గుమాస్తా ఎంతో సంతోషించాడు. “ఇది కట్టేది కదా సార్, దీనికి దారి తెలుసు” అన్నాడు. దారి తెలిసిన ఫైలు ఇంకా ఇల్లు చేరలేదు. బండల వేలం కూడా జరగలేదు. దానికి వేరే అనుమతి కావాలట. అందుకని పదకొండు బండలూ ఆవరణలో ఒక మూలనే ఉన్నాయి. గీతలు గలది పైకి తిప్పి ఉంది. ఎవరు తిప్పారో నేను విచారించలేదు.

నేను రిటైరయ్యేదాకా మా బడిలో మధ్యాహ్నం గంట రెండుసార్లు కొట్టాను. మొదటి గంటకు చిన్నపిల్లలు వరండాలో తినేవాళ్ళు. తమ వంతు వచ్చేదాకా పెద్దపిల్లలు తలల మీద పుస్తకాలు అడ్డం పెట్టుకుని, ఆ బండ మీద చింతగింజలతో పులి మేక ఆడుకునేవాళ్ళు. రెండో గంట కొట్టి, అందరూ లేచాక, వంట అక్కా నేనూ తినేవాళ్ళం. అప్పటికి అన్నం చల్లారిపోయేది.